పిలకాయల్ని ఫోన్ పక్కన పెట్టించి బయటికి తీసుకుపోవాలంటే నెల్లూరు చుట్టుపక్కల ఏం చేయొచ్చు?

పొదలకూరు_పుట్టిల్లు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకోని చదవండి. మేము నెల్లూరులో వేదాయపాళెం వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మూడో ఫ్లోరు. బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. మా ఆయనవి షిఫ్ట్ డ్యూటీలు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే మిషన్ మీద నుంచి లేవడానికి కుదరదు, అప్పుడు వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చేది నేనే.

సంక్రాంతికి పొదలకూరు పక్కన మా అమ్మ వాళ్ళ ఊరికి పోయినాం. పది రోజులు ఉన్నాం. పది రోజుల్లో ఇద్దరూ ఒక్కసారి ఫోన్ అడగలా. పొద్దున్నే మా నాయన వెంట నిమ్మతోటలోకి పోయేది, మోటార్ కింద నీళ్ళాడేది, గట్టు మీద రేగిపళ్ళు ఏరుకోని జేబులు నింపుకునేది, సాయంత్రం మంటేసి తేగలు కాల్చుకోని తినేది, రాత్రి ఎనిమిదికల్లా వాళ్ళంతట వాళ్ళే నిద్ర. మా అమ్మ అయితే ఈ పిలకాయలేనా నువ్వు ఫోన్లో చెప్పి ఏడ్చేది అనింది.

నెల్లూరు వచ్చిన రోజు సాయంత్రమే ఫోన్ కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. నాకు కోపమొచ్చి లాక్కోని బీరువాలో పెట్టి తాళం వేసినా. పాప ఏడ్చి ఏడ్చి అన్నం తినకుండా పడుకుంది. బాబు రెండ్రోజులు నాతో మాట్లాడలా. మూడో రోజు వాడే వచ్చి అడిగినాడు, "ఫోన్ లేకపోతే ఇక్కడ ఏం చేయాల మా?" అని. నాకు జవాబు రాలా. అప్పటినుంచి ఆ మాటే బుర్రలో తిరగతా ఉంది.

మీలో ఎవరన్నా చేసి చూసినవి ఉంటే చెప్పండి, ఊరికే చదివినవి వద్దు. ఆదివారం ఒక పూట స్కూటీ మీద పోయి రాగలిగేవి, మామూలు రోజుల్లో సాయంత్రం గంటసేపు చేయగలిగేవి, మిద్దె మీద చేసుకునేవి ఏమన్నా ఉంటే అవి కూడా. వాటర్ పార్కులు, రిసార్టులు మాకు కుదరవు.

బలపం_మాస్టారు

అమ్మా, నేను మార్కాపురం వైపు మండలాల్లో ఇరవై ఏళ్ళకి పైగా చిన్న క్లాసులకి చెప్పిన మనిషిని. మీ బాబు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ముందుగా ఒక మాట, ఫోన్ లాక్కోని బీరువాలో పెడితే వాళ్ళకి ఆ సాయంత్రమంతా ఆ బీరువానే కనపడుద్ది, దాని జోలికి పోకుండా వాళ్ళని మీరు వేరే చోటికి తీసుకుపోవాల, తీసుకుపోయి మీరు కూడా అక్కడ కూర్చోవాల.

నేను చేసింది చెప్తాను. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్ పిల్లల్ని చెరువు కట్ట మీద ఒకే ఒక చింతచెట్టు కిందికి తీసుకుపోయేవాడిని. వారం వారం అదే చెట్టు. మొదటి వారం అయిదు నిమిషాల్లో విసుగొచ్చి రాళ్ళు విసురుకున్నారు, రెండో వారం కూడా అంతే, నాకే అనిపించింది ఇది అయ్యే పని కాదేమోనని. నాలుగో వారానికి ఒక పిల్ల వచ్చి "సార్, పోయినసారి ఈ కొమ్మకి చిగురు లేదు" అనింది. ఆ మాటతో అందరూ పైకి చూడటం మొదలుపెట్టినారు. కొత్త కొత్త చోట్లకి తిప్పితే చూసి వచ్చేస్తారు తప్ప మార్పు పట్టుకోలేరు, అందుకే ఒక చెట్టు ఎంచుకోండి, మీ వీధి చివర వేపచెట్టైనా కానుగచెట్టైనా సరే, దాన్ని "మన చెట్టు" అనుకోమనండి. ఇప్పుడు ఫిబ్రవరిలో మొదలుపెడితే ఆకు రాలడం, చిగురు, పూత, కాయ వరసగా వేసవిలోపే చూస్తారు.

చేతిలో పుస్తకం పెట్టొద్దు, పలక పెట్టండి. మాది పలకల ఊరు కాబట్టి చెప్తున్నా అనుకోవద్దు, పలక మీద అయితే బొమ్మ సరిగ్గా రాకపోతే తుడిచేసి మళ్ళీ గీస్తారు, పుస్తకంలో అయితే పేజీ పాడైపోద్దని భయపడి అసలు గీయరు. ఆకు ఈనెలు, పురుగు కాళ్ళు, పిట్ట ముక్కు, ఏదో ఒక్కటి గీయమనండి. పేరు అడిగితే మీకు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే ఇద్దరూ కలిసి ఒక పేరు పెట్టుకోండి, అసలు పేరు తర్వాత తెలుస్తుంది.

ఇంకోటి, పాత ఇళ్ళ చూరు కింద, గుడి అరుగు పక్కన వాన తగలని మెత్తటి దుమ్ములో గరాటు లాంటి చిన్న చిన్న గుంతలు ఉంటాయి చూడండి. దాని అడుగున ఒక పురుగు దాక్కోని ఉంటుంది. చీమ జారి లోపల పడిందంటే కింద నుంచి ఇసుక ఎగజల్లి పట్టుకుంటుంది. గడ్డిపోచతో గుంత అంచున మెల్లగా కదిలిస్తే చీమే అనుకోని అది ఇసుక చిమ్ముతుంది. అరచేతిలో వేసుకుంటే వెనక్కి నడుస్తుంది. పెద్దయినాక అది రెక్కలొచ్చి తూనీగ మాదిరి ఎగురుతుంది. దీని ముందు కూర్చున్న పిల్లోడు అరగంట కదలడు, నేను కళ్ళారా చూసినా ఈ సంగతి.

గిజిగాడి గూళ్ళు మీవైపు తాటిచెట్లకి, తుమ్మచెట్లకి బాగా ఉంటాయి. ఇప్పుడు పిట్టలు ఉండవు, వానలకి కట్టినవి పాతబడి కింద పడుంటాయి. పడిపోయింది ఒకటి తెచ్చుకోని జాగ్రత్తగా విప్పి చూపించండి. లోపల గోడకి బంకమట్టి ముద్దలు అంటించి ఉంటాయి. కొన్ని గూళ్ళు సగంలో వదిలేసి హెల్మెట్ మాదిరి ఉంటాయి, మగపిట్ట సగం కట్టి ఆడపిట్టకి చూపిస్తాది, నచ్చితేనే మిగతా సగం కడతాది. ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాల. చెట్టు మీదున్నవి మాత్రం ముట్టుకోనివ్వొద్దు.

మైపాడు_గాలి

అక్కా మాది సముద్రం పక్క ఊరే. నెల్లూరు నుంచి మైపాడు ఓ పాతిక కిలోమీటర్లు, స్కూటీ మీద హాయిగా రావొచ్చు. కానీ అందరూ ఆదివారం సాయంత్రం వస్తారు, అప్పుడు జనం, బజ్జీల బండ్లు, బైకులు తప్ప ఏం కనపడదు. మీరు పొద్దున్నే తెల్లారేసరికి రండి. జనం తొక్కక ముందు ఇసుక మీద రాత్రి ఎవరెవరు తిరిగినారో మొత్తం రాసుంటుంది. ఎండ్రకాయల అడుగులు, కుక్కలవి, కాకులవి, పురుగు పాకిన గీత. మీ బాబుని ఒక్క అడుగుల వరస పట్టుకోని అది యాడ మొదలై యాడ ఆగిందో కనుక్కోమనండి.

నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద ఆవగింజంత ఉండలు పువ్వు మాదిరి పేర్చినట్టు కనపడతాయి, అవి చిన్న ఎండ్రకాయలు చేసినవి. ఇసుకని నోట్లో పెట్టుకోని అందులో తినేది తీసుకోని మిగిలిన ఇసుక ఉండ చేసి పక్కన పెట్టేస్తాయి. కదలకుండా కూర్చుంటే రెండు మూడు నిమిషాలకి బొక్కల్లోంచి మళ్ళీ బయటికొస్తాయి, ఒక్కళ్ళు కదిలినా అన్నీ ఒక్కసారే లోపలికి పోతాయి. పిలకాయలకి కదలకుండా కూర్చోవడం నేర్పించాలంటే ఎండ్రకాయల కన్నా మంచి మాస్టారు లేడు. గుల్లలు ఏరుకోండి, కానీ లోపల ప్రాణం ఉన్నవి తీసుకోవద్దు, తిప్పి చూసి ఏమన్నా కదిలితే నీళ్ళలో వదిలేయమనండి.

ఇప్పుడు తాబేళ్ళ టైం కూడా. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన నెల్లూరు ప్రకాశం తీరానికి ఈ చలి నెలల్లోనే రాత్రిపూట వచ్చి ఇసుకలో గుంత తీసి గుడ్లు పెట్టి పూడ్చి పోతాయి, ఒక్కొక్కటి వంద పైన పెడతాయి. నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల లోపు పిల్లలు బయటికొస్తాయి. కుక్కలు నక్కలు తవ్వి తినేస్తాయని ఆ గుడ్లు తెచ్చి కంచె వేసి కాపాడే హేచరీలు తీరంలో అక్కడక్కడా ఉంటాయి, ఫారెస్ట్ ఆఫీసులో కనుక్కుంటే పిల్లల్ని ఎప్పుడు వదులుతారో చెప్తారు, మార్చి ఏప్రిల్‌లో ఉంటుంది మామూలుగా. అరచేతిలో పట్టేంత తాబేలు అల కొడితే వెనక్కి పడి మళ్ళీ లేచి పోతా ఉంటే చూసిన పిలకాయలు దాన్ని జన్మలో మర్చిపోరు. ఆ టైంలో టార్చి లైటు, ఫోన్ లైటు వేయొద్దు, అవి వెలుతురు ఉన్న వైపుకి పోతాయి, సముద్రం వదిలేసి మనవైపు వచ్చేస్తాయి.

ఒకటి ముందే చెప్తున్నా. ఈ నెలల్లో చచ్చిపోయిన పెద్ద తాబేళ్ళు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. పాప చూసి భయపడొచ్చు. దాచొద్దు, నిజం చెప్పండి. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాల, పెద్ద బోట్ల వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక పోతాది. నేను చిన్నప్పుడు మా నాయన్ని ఇదే అడిగినా, ఆయన దాచకుండా చెప్పినాడు.

సముద్రంలో మాత్రం చీలమండ దాటి దిగనివ్వొద్దు అక్కా. మోకాలి లోతే కదా అనుకుంటారు, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుక లాగేస్తాది. పున్నమి అమావాస్యలప్పుడు ఇంకా జాగ్రత్త.

ఒంగోలు_ఇద్దరి_అమ్మ

చదవతా ఉంటే బాగానే ఉంది కానీ నాకైతే భయం. పుట్టలు, పొదలు అంటే పాములు. ఏ కాయ పడితే ఆ కాయ నోట్లో పెట్టుకుంటారు. ఎండదెబ్బ ఒకటి. వీటికంటే ఇంట్లో ఫోన్ చూసుకుంటా కూర్చుంటే కనీసం కళ్ళ ముందు ఉంటారు కదా అనిపిస్తాది, తప్పైతే అనుకోవద్దు.

కందుకూరు_సిస్టర్

అక్కా మీరు భయపడటంలో తప్పేం లేదు, నేను ఆసుపత్రిలో నర్సుని, ఇట్టాంటి కేసులు చూసేదాన్ని కాబట్టి ఏది నిజంగా భయపడాల్సిందో ఏది కాదో చెప్తా.

పాము విషయం. మన చుట్టూ కనపడే పాముల్లో ఎక్కువ విషం లేనివే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, వీటితోనే ప్రమాదం. పిల్లలకి మూడే నేర్పండి, బొక్కలో చెయ్యి పెట్టకూడదు, రాయి ఎత్తాలంటే తనవైపు కాకుండా అవతలి వైపు తెరుచుకునేట్టు ఎత్తాల, గడ్డిలో నడిచేటప్పుడు బూట్లు వేసుకోని కర్రతో ముందు తడతా నడవాల. ఒకవేళ కాటేస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం తిప్పొద్దు. ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు, గాటు కూడా సరిగ్గా కనపడదు, ఏం కాలేదులే అని ఇంట్లో కూర్చోవద్దు.

కాయలు. నేను ఎక్కువగా చూసేది ఇదే, అడవి ఆముదం గింజలు వేరుశెనక్కాయలు అనుకోని నలుగురైదుగురు పిల్లలు కలిసి తినేసి వాంతులతో వస్తారు. ఆ అడవి ఆముదంతో పాటు గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, ఇవి నాలుగూ చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించి "ఇది నోట్లో పెట్టకూడదు" అని చెప్పండి. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పాడవుద్ది. ఇవి తెలిసిన పిల్లలు తెలియని పిల్లల కన్నా భద్రంగా ఉంటారు, ఊర్లో పిల్లలకి ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, తిరగతా తిరగతా తెలిసిపోతాయి.

పాముల కన్నా నేను భయపడేది నీళ్ళకి. ఏట్లో ఇసుక తవ్విన గుంతలు పైకి నిలకడగా కనపడతాయి, లోపల ఎంత లోతో తెలియదు. పెద్దోళ్ళు పక్కన లేకుండా ఏరు, చెరువు, బావి వైపు పంపొద్దు. ఏప్రిల్ మే నెలల్లో పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత అంతే.

ఇక ఇంట్లో ఉంటే భద్రం అన్నారు చూడండి, కంటి డాక్టర్ల దగ్గర ఇప్పుడు మైనస్ పవర్ అద్దాల కోసం వచ్చే చిన్నపిల్లల్ని చూస్తే ఆ మాట అనలేరు. రోజుకి దాదాపు రెండు గంటలు పగటి వెలుతురులో గడిపే పిల్లలకి ఆ సమస్య రావడం తక్కువ అని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెప్తున్నాయి. చెట్టు నీడలో ఉన్నా ఆ వెలుతురు చాలు, మండే ఎండలో నిలబెట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళ లోపు పిల్లల గురించి చెప్పింది కూడా వినండి, రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి గంట దాటొద్దు. అయిదు దాటిన పిల్లలు రోజుకి కనీసం గంటసేపు ఆయాసం వచ్చేట్టు ఆడాల.

బిళ్ళంగోడు1988

మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకో నలుగురు పిల్లల్ని పోగెయ్యండి మేడం. ఇద్దరే ఉంటే కొట్టుకుంటారు, ఆరుగురు ఉంటే ఆడుకుంటారు. కోతికొమ్మచ్చి, ఏడు పెంకులాట, బిళ్ళంగోడు, ఏది నేర్పినా సరే, రెండో రోజు నుంచి వాళ్ళే పిలుచుకోని కిందికి దిగతారు.

పెన్న_ఇసుక

చెలమ తీయించండి. ఇదొక్కటి చేస్తే చాలు అంటాను నేను.

మా చిన్నప్పుడు ఎండాకాలం ఏట్లో నీళ్ళు కనపడేవి కాదు, కానీ తాగే నీళ్ళు ఏటి నుంచే తెచ్చేవాళ్ళం, ఇసుకలో మూర లోతు తవ్వి చెలమ తీసి. పైకి ఎండిపోయినట్టున్నా ఇసుక కింద నీళ్ళు మెల్లగా నడస్తానే ఉంటాయి. మీరు పెన్నలో నీళ్ళు తగ్గి ఇసుక తేలిన చోటికి పోండి, అక్కడోళ్ళని అడిగి గుంతలు లేని చోటు చూసుకోండి. చేతులతో తవ్వమనండి, పార వద్దు. ముందు పొడి ఇసుక, తర్వాత చల్లగా తడి ఇసుక, తర్వాత అడుగున మెరుస్తా నీళ్ళు ఊరడం మొదలవుద్ది. మొదట మురికిగా ఉంటాయి, చిప్పతో తోడి పారబొయ్యండి, రెండు మూడు సార్లు తోడితే తేటబడతాయి. పారే నీళ్ళకి దగ్గర ఒకటి, దూరంగా ఒకటి తవ్వించి ఏది ఎంత లోతులో ఊరిందో పుల్లతో కొలవమనండి. మీ బాబుకి పదేళ్ళు కదా, దూరం పోయే కొద్దీ ఎందుకు లోతు తవ్వాల్సొచ్చిందో వాడే ఆలోచిస్తాడు. తాగొద్దు, ఇప్పటి ఏరు అప్పటి ఏరు కాదు. మోకాలి కన్నా లోతు తవ్వనివ్వొద్దు, ఇసుక గోడలు కూలతాయి.

ఇసుకలో తళతళ మెరిసే సన్నటి రేకులు కనపడతాయి, అది కాకిబంగారం. గూడూరు సైదాపురం వైపు అభ్రకం గనులు ఉన్న జిల్లా మనది. ఆ వైపు పోతే కొంచెం పెద్ద ముక్కలు కూడా దొరుకుతాయి, గోరుతో ఒక్కొక్క పొర ఊడదీస్తా పోతే ఎన్ని పొరలు వస్తాయో లెక్కపెట్టించండి. గనుల గుంతల దగ్గరికి మాత్రం వద్దు.

గూడబాతు

నేలపట్టు పక్షుల కేంద్రం గురించి ఎవరూ చెప్పలేదే! ఇప్పుడే సీజన్, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉంటుంది, ఆలస్యం చేస్తే మళ్ళీ ఏడాది ఆగాల. నాయుడుపేట దాటి సూళ్ళూరుపేట పోయే హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి పోవాల. నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టుకోని పిల్లల్ని పెంచుతాయి. వాచ్ టవర్ ఎక్కితే చెట్ల తలలు మన కళ్ళకి తిన్నగా వస్తాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటా ఉంటే మా పాప కొంచెంసేపు తల్లి పిల్లని మింగేస్తాందేమో అనుకోని నన్ను గట్టిగా పట్టుకుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అది నత్తల్ని పట్టుకోవడానికి పనికొచ్చే ముక్కు. తెడ్డుమూతి కొంగ అన్నం గరిట లాంటి ముక్కుతో నీళ్ళని అటూ ఇటూ కలబెడతా పోతాది. పిల్లలకి ముక్కులు చూపించి ఇది ఏం తింటుందో చెప్పమని అడగండి, పేర్లు తర్వాత.

ఆ ఊరివాళ్ళు ఈ పిట్టల్ని ముట్టుకోరు, ముట్టుకోనివ్వరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి ఎరువుగా పనిచేస్తాయని వాళ్ళకి తెలుసు. అక్కడే ఒక పెద్దాయన్ని పలకరించండి, టవర్ కన్నా ఎక్కువ చెప్తాడు. ఓపిక ఉంటే అట్నుంచి అటే శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ ఒడ్డుకి పోయి ఫ్లెమింగోలు కూడా చూడొచ్చు, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం పోవద్దు, జనాన్ని చూసి రావడమే అవుద్ది.

అంత దూరం కుదరకపోతే నెల్లూరు చుట్టూ వరి పొలాలే కదా. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, బర్రె మీద తెల్లకొంగ, బీడులో తీతువు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుద్ది, ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనపడినవన్నీ రాసుకోవాల, పిల్లలు కాగితం మీద రాస్తే పెద్దవాళ్ళు తర్వాత ఎక్కించొచ్చు.

నాకు ఇష్టమైన సంగతి ఒకటి చెప్పి ఆపుతా. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డాన్ అనే ఆయనకి పిట్టల పిచ్చి, చీమల పిచ్చి. మన యానాదులకి అడవి గురించి తెలిసినంత ఎవరికీ తెలియదు, వాళ్ళ దగ్గర కూడా ఆయన చాలా నేర్చుకున్నాడు. కలివికోడి అనే అరుదైన పిట్ట 1848లో ఆయన వల్లే లోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇంక లేదు అనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఆయన 1851లో దక్షిణ భారతంలో చీమల మీద పెద్ద జాబితానే రాసినాడు. కాబట్టి నెల్లూరు పిల్లోడు చీమల్ని చూడటం మామూలు విషయం కాదు. గోడ పక్కన బెల్లం ముక్క ఒకటి, నూక గింజలు కొన్ని, నూనె చుక్క ఒకటి విడివిడిగా పెట్టి ఏ చీమ దేనికి వస్తుందో చూడమనండి. బారు కట్టినాక మధ్యలో వేలితో అడ్డంగా గట్టిగా రుద్దితే అక్కడికి రాగానే తికమక పడి ఆగిపోతాయి, వాసన పట్టుకోని నడిచేవి కాబట్టి. మళ్ళీ దారి కలిసేదానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టమనండి.

కావలి_అవ్వ

అమ్మాయ్, మిద్దె మీద ఏముంది అన్నావు కదా, ఆకాశం ఉంది. ఇప్పుడు ఈ నెలలో రాత్రి ఎనిమిదికి చాప వేసుకోని పడుకోండి. నెత్తి మీదనే మూడు చుక్కలు ఒకే వరసలో కనపడతాయి, అది గొల్లకావడి. దానికి కొంచెం పడమరగా చిన్న చుక్కలు గుంపుగా ఉండేది పిల్లలకోడి. పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు కనపడతాయో ఒక్కొక్కరు విడిగా లెక్కపెట్టండి, ఎవరికెన్ని కనపడితే అన్ని. గడియారం లేని రోజుల్లో మా అత్త వీటిని చూసే తెల్లారుజామున లేచేది. నా మనవడికి ఇప్పుడు ఇవి రెండూ తెలుసు, నేను పోయినా వాడు పైకి చూస్తే నేను గుర్తొస్తా.

కుండీలో కరివేపాకు చెట్టు గానీ నిమ్మ మొక్క గానీ ఉంటే పురుగు పట్టిందని మందు కొట్టొద్దు. ముందు పిట్ట రెట్ట మాదిరి నల్లగా తెల్లగా ఉంటాది, తర్వాత పచ్చగా అవుతాది, ముట్టుకుంటే నెత్తి మీద ఎర్రటి కొమ్ములు తీసి వాసన వదుల్తాది. తర్వాత కదలకుండా వేలాడి, కొన్నాళ్ళకి సీతాకోకచిలుక అయి ఎగిరిపోతాది. గుడ్డు నుంచి ఎగిరేదాకా నెల అటూ ఇటూగా అయిపోతాది. నాలుగు కొమ్మల కరివేపాకు పోతే పోనీలే.

పొదలకూరు_పుట్టిల్లు

అందరికీ ఎట్టా థ్యాంక్స్ చెప్పాలో తెలియలా. మూడు వారాలు అయ్యింది, జరిగింది జరిగినట్టు చెప్తా.

మొదటి ఆదివారం మా వీధి పార్కుకి తీసుకుపోయినా, మాస్టారు చెప్పినట్టు చెట్టు చూపించి గీయమన్నా. పది నిమిషాలకే పోదాం పోదాం అని గోల. నేను వాళ్ళ ఫొటోలు తీస్తా ఉన్నా. బాబు అన్నాడు, "నువ్వు ఫోన్ చూస్తా ఉండావు, మమ్మల్ని చెట్టు చూడమంటావు" అని. వాడు అన్నది నిజమే. రెండో ఆదివారం నా ఫోన్ స్కూటీ డిక్కీలో పెట్టేసినా, అంతకుముందు నేను ఎప్పుడూ అట్టా చేయలా.

ఆ రోజు పెన్నకి పోయినాం. ఆయనకి సెలవు కాబట్టి ఆయన కూడా వచ్చినాడు. అక్కడ బర్రెలు కడగతా ఉన్న పెద్దాయన్ని అడిగి చోటు చూసుకున్నాం. చెలమ తీస్తా తీస్తా మా ఆయన కూడా కూర్చోని తవ్వడం మొదలుపెట్టినాడు, వాళ్ళ ఊరు ఆత్మకూరు పక్క కదా, చిన్నప్పుడు వాళ్ళ అమ్మ ఇట్టాగే నీళ్ళు తెచ్చేదంట, నాకు పెళ్ళయి పన్నెండేళ్ళు, ఎప్పుడూ చెప్పలేదు ఈ మాట. నీళ్ళు ఊరగానే పాప "మా, భూమి చెమట పట్టింది" అనింది. బాబు మూడు చెలమలు తీసి పుల్లకి గోటితో గుర్తులు పెట్టినాడు. ఆ పుల్ల ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టినాడు, ఎవర్నీ పారేయనివ్వడంలా.

ఫోన్ పోలా, అది కూడా చెప్పాల. సాయంత్రం ఇంకా అడగతానే ఉండారు. కానీ కింది ఫ్లోర్ పిల్లలు ముగ్గురు కలిసినాక ఆరున్నర దాకా కిందే ఉంటున్నారు, మా సెల్లార్‌లో పెంకులాట. నేను మిషన్ కిటికీ దగ్గరికి జరుపుకున్నా, వాళ్ళ అరుపులు వినపడితే చాలు నాకు. అవ్వా, మీరు చెప్పిన పిల్లలకోడిలో నాకు ఆరు కనపడినాయి, పాపకి ఏడు. కరివేపాకు కుండీలో పచ్చ పురుగులు రెండు ఉండాయి, ఒకటి నిన్న వేలాడింది. పాప పొద్దున బ్రష్ చేసుకోకుండానే పోయి చూస్తా ఉంది.

ఒంగోలు అక్కా, అడవి ఆముదం చెట్టు మా స్కూల్ దారిలోనే కంచెకి ఉంది, ఇన్నేళ్ళు నేను కూడా గమనించలా. ఇద్దరికీ చూపించినా.

గూడబాతు గారూ, వచ్చే ఆదివారం నేలపట్టు అనుకుంటున్నాం. పొద్దున ఎన్నింటికి బయల్దేరితే బాగుంటాది? తినేదానికి ఏమన్నా దొరుకుతాయా, కట్టుకోని పోవాలా?

గూడబాతు

నెల్లూరులో అయిదు లోపు బయల్దేరండి, ఎండ ఎక్కక ముందే టవర్ మీద ఉండాల. పులిహోర, నీళ్ళు కట్టుకోని పోండి, ప్లాస్టిక్ కవర్లు మళ్ళీ వెనక్కి తెచ్చేయండి. ఎర్ర చొక్కా, మెరిసే బట్టలు వద్దు. పాపకి ముందే చెప్పండి, తల్లి పిల్లని మింగడంలా అని.

మైపాడు_గాలి

అక్కా మార్చి ఆఖరుకి తాబేలు పిల్లల్ని వదిలేది ఉంటే ఇక్కడే రాస్తా, చూసుకుంటా ఉండండి.